జానెడు చోటు

వీధి వైపు గది,
వేసవి చివరి వారం

చిరంజీవి బావమరిదికి,

శుభమస్తు. మనిషి నిజంగా ఎంచుకోవలసిన సందర్భాలు జీవితంలో నాలుగే వస్తాయని నా నమ్మకం: విద్య, వృత్తి, తోడు, చివరన ఊతకర్ర. నాకు నాలుగూ గడిచిపోయాయి. ఐదవది ఒకటి నా కోసం కాచుకొని ఉందని నిన్నటిదాకా ఎరగను. ఈ లేఖకు సందర్భం ఒక గ్రాఫిక్స్ కార్డును ఎంచుకోవడం. దాని అర్థం ఏమిటంటావా? ఒక చేయి కదిలినప్పుడు, ఆ కదలికను ఎదుటి లోకం ఆలస్యం చేయకుండా గుర్తించడం. ఇంతకంటె పెద్ద అర్థం మన పూర్వులు యజ్ఞానికీ చెప్పలేదు.

ఫోనులో అడగవచ్చు కదా అంటావు. మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఒక గదిలో మాట్లాడితే రెండవ గదిలో వినపడడమే కాదు, అక్కడినుంచి జవాబు కూడా వస్తుంది.

నీ అక్క కుడిచేతిని పక్షవాతం తాకిన తరువాత డాక్టరమ్మ ఒక రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నది. రెండు రోజులు నొక్కి, "ఎంత పిసికినా పిండి కాని దాన్ని ఎందుకు పిసకడం" అని మూలకు విసిరింది. అప్పుడు నీవు ఆ కొండదారి లారీ ఆటను నేర్పావు. ఆ పుణ్యం నీదే. అక్కడ మీ ఇంట నీవు, ఇక్కడ మా ఇంట ఆమె; ఒకే దారిలో ముందు నీ లారీ, వెనక ఆమె లారీ. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి ఇప్పుడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, దేవదారు దుంగలు వేసుకొని, ఘాట్ రోడ్లు ఎక్కుతూ ఉంటే, పక్కన కూర్చొని చూడడం నాకొక పారాయణమైంది.

చిక్కు ఎక్కడంటే, ఆమె కుడి చూపుడువేలితో మీట నొక్కుతుంది. లారీ ఆలోచిస్తుంది. ఇక కదలదని ఆమె వదిలేస్తుంది. అప్పుడు లారీ బయలుదేరి లోయలో దూకుతుంది. వాన పడే మలుపుల దగ్గర తెర మీద బొమ్మలు పాతబడిన పటంలాగా ముక్కలు ముక్కలుగా ఊడి వస్తాయి. "వేలు మాట వినడం లేదండీ" అంటుంది. "వేలు వింటోంది, యంత్రానికే చెవుడు" అని నేను చెబుతూ వచ్చాను. నిన్న, చేత పట్టుకొని ఆట ఆడే ఆ మీటల పెట్టెను పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టింది. బంతి మూలకు వెళ్లినప్పుడు నాకు దిగులు కలగలేదు. ఇది బీరువాలోకి వెళితే కలిగింది.

మన కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు అనేది అసలే లేదనీ, ఒకటి వేస్తే చెవుడు పోతుందనీ విన్నాను. పింఛను మీద బతికేవాడికి తగినది ఏదో చెప్పు. చేయి మాత్రం చక్కగా కుదుటపడుతోంది. ఆ విషయంలో బెంగ పెట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ బావ

*

హాలు వెనక వీధి, మేడ మీద

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మొదటి పేరా చదివి ఎవరో పోయారనుకొని కుర్చీలో కూలబడ్డాను. చివరికి కార్డు సంగతని తెలిసి లేచి టీ పెట్టుకున్నాను. ఇకమీదట చావు కబురు కాకపోతే మొదటి వాక్యంలోనే చెప్పేయండి, మీకు పుణ్యముంటుంది.

సినిమా హాల్లో నేను ముప్పై ఏళ్లు సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు తిప్పాను. అవి చాలు, కంటికి కదిలినట్టే ఉంటుంది. కానీ నేను తిప్పిన సినిమాలో హీరో ప్రేక్షకుడి వేలి మాట వినక్కర్లేదు. ఆటలో లారీ అక్క వేలి మాట వినాలి. అందుకు సెకనుకు అరవై కావాలి. మీ డబ్బా ఇప్పుడు కిందామీదా పడి పదిహేను తిప్పుతోంది. ఆ లెక్కన లారీ లోయలో పడక ఏం చేస్తుంది?

మీ తెర మామూలు తెర, కాబట్టి కొమ్ములు తిరిగిన కార్డు దండగ. కార్డుకి సొంత మెమరీ ఎనిమిది జీబీ ఉండాలి. నాలుగు చాలంటారు, నమ్మకండి, అడివీ వానా కలిసొస్తే నాలుగు చేతులెత్తేస్తుంది. డబ్బాలో పవర్ సప్లై అని ఇటుకలాంటిది ఉంటుంది, దాని మీద రాసిన వాట్ల అంకె నాకు పంపండి. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి, కార్డు విషయంలోనూ అదే. లైట్లు వెలిగే వాటి జోలికి పోకండి, మూత పెట్టేశాక లోపల దీపాలు ఎవరికి? అన్నిటికంటే ముఖ్యం, లోపల పొడుగున ఎంత చోటుందో కొలిచి రాయండి.

అక్క ఆటలోకి రావడం లేదు. అడిగితే కళ్లు నొప్పులురా అంది. నాకంటే ముందు సూదిలో దారం ఎక్కించే కళ్లు అవి. ఏదో ఉంది. త్వరగా తెమల్చండి బావా.

మీ
బావమరిది

*

వీధి వైపు గది,
తొలి వానలు

చిరంజీవి బావమరిదికి,

కార్డు సంగతే వ్రాస్తున్నాను, ఎవరూ పోలేదు.

నీవు చెప్పిన లక్షణాలన్నీ కంఠస్థం చేసి దుకాణానికి వెళ్లాను. ఇరుకు దుకాణం. గోడల నిండా అట్టపెట్టెలు, ప్రతి పెట్టె మీదా కోరలు చాచిన ఒక రాక్షసుడి బొమ్మ. దుకాణదారు నన్ను పైనుంచి కిందికి చూసి, మనవడి కోసమా అని అడిగాడు. మా ఆవిడ కోసం, లారీ తోలుతుంది అన్నాను. ఆపైన చాలా మర్యాదగా చూశాడు.

మూడు చూపించాడు. మొదటిది చవక, మెమరీ నాలుగే. గణాలు సరిపోయి యతి తప్పిన పద్యంలాగా తోచింది. రెండవది పొట్టి కార్డు, రెండు ఫ్యాన్లు, మెమరీ ఎనిమిది, మన శక్తికి అందేదే. కాని ఏ లోపమూ కనబడని వస్తువును నేను తొందరపడి నమ్మను. మూడవది వాడినది. ఇంతకు ముందు ఏం చేసేదని అడిగితే, రాత్రింబవళ్లు నాణేలు తవ్విందని చెప్పాడు. ఏ గనిలో అంటే కంప్యూటరు నాణేలు అన్నాడు. నాకు అర్థమైనంతవరకు అది గానుగ తిప్పి తిప్పి రిటైరైన ఎద్దు. నా వయసువాడు దాన్ని తప్పుపట్టరాదు, అయినా కొనలేదు. రెండు నెలలలో కొత్త రకాలు వస్తాయనీ ధరలు దిగుతాయనీ అక్కడ ఎవరో అంటుండగా విన్నాను. ఆగడమే వివేకమేమో ఆలోచించు.

ఇక కొలతలు. పవర్ సప్లై మీద నాలుగువందల యాభై అని ఉంది. లోపలి చోటు కొలవడానికి టేపు తీయబోయాను. నీ అక్క అడ్డుపడింది. "నా జాన ఉండగా టేపు ఎందుకండీ? తమ్ముడి చొక్కాలన్నీ ఈ జానతో కొలిచి కుట్టినవే. రెండు జానలో మూడు జానలో చెప్పండి, వాడికి అర్థమవుతుంది" అన్నది. అని కుడిచేతినే డబ్బాలో పెట్టింది. బొటనవేలు ఆనించి, చిటికెనవేలు చాచి, మళ్లీ బొటనవేలు తెచ్చి, "రెండు జానలు" అని చెప్పింది. నేను వ్రాసుకున్నాను.

ఆశీస్సులతో,
మీ బావ

*

హాలు వెనక వీధి, మేడ మీద

బావగారికి నమస్కారాలు.

ఆగడం వివేకమైతే ప్రపంచంలో ఎవరూ కార్డు కొనరు. ప్రతి రెండు నెలలకీ కొత్తవి వస్తూనే ఉంటాయి. మీరు కూర్చోండి, నేను చూస్తాను.

రెండు జానలంటే బోలెడు చోటు. అక్క కుట్టిన చొక్కా ఒకటి ఇంకా నా పెట్టెలో ఉంది. భుజం నుంచి భుజానికి సరిగ్గా రెండు జానలని కొలిచి కత్తెర వేసేది, నాకు గుర్తే. ఆ చొక్కా మీద టేపు పెట్టి చూశాను. ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. మా వీధి ఫొటో స్టూడియో ఆయన తన కార్డు మార్చుకుంటున్నాడు. మూడు ఫ్యాన్లు, పొడవు ముప్పై రెండు. పెళ్లి ఫొటోలు దిద్దింది తప్ప వేరే పాపం చేయని కార్డు, మీ ఇటుకకి బరువు కాదు. కొత్త పొట్టి కార్డు కంటే తక్కువకే ఇచ్చాడు. పార్సిల్ పంపాను. అక్కకి చెప్పకండి, బిగించి కూర్చోబెట్టండి.

మీ
బావమరిది

*

వీధి వైపు గది,
ముసురు పట్టిన రోజు

చిరంజీవి బావమరిదికి,

పార్సిల్ క్షేమంగా చేరింది. కార్డు గంభీరంగా ఉంది. అయితే డబ్బాలో పట్టలేదు. స్కేలు పెట్టి చూడగా లోపలి చోటు ఇరవై ఏడు సెంటీమీటర్లే అని తేలింది. కొలత వ్రాసుకోవడంలో నేను పొరబడి ఉంటాను. వయసు. కార్డును తిరిగి పంపుతున్నాను, స్టూడియో ఆయనకు నా క్షమాపణ చెప్పు.

నీ అక్కకు ఈ విషయం తెలియదు. ఆమె పక్కింటికి వెళ్లినప్పుడు ప్రయత్నించాను. ఆమె ఆరోగ్యం నిలకడగా ఉంది. వానలు బాగా పడుతున్నాయి.

ఆశీస్సులతో,
మీ బావ

*

హాలు వెనక వీధి, మేడ మీద

బావగారికి నమస్కారాలు.

కార్డు వెనక్కి వచ్చింది. స్టూడియో ఆయన నవ్వి తీసేసుకున్నాడు, ఆ గొడవ లేదు.

ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంత చిన్న ఉత్తరం మీ పెళ్లయిన కొత్తలో కూడా మీరు నాకు రాయలేదు. అందులో వానల సంగతి కూడా ఉంది. మీరు వానల గురించి రాశారంటే వేరే ఏదో రాయలేదని అర్థం.

గురువు, లఘువు, మాత్ర అంటూ బతుకంతా కొలిచిన మనిషి రెండు అనే అంకె తప్పు రాసుకోరు. మీరు రాసుకున్నది రైటే. అక్క రెండు జానలే అంది. డబ్బా ఇరవై ఏడే. అంటే జాన పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య ఉందన్నమాట. నా చొక్కా మీద అదే జాన పందొమ్మిది.

నా చెయ్యి బల్ల మీద పెట్టి, పదమూడు దగ్గర ఎలా ఆగుతుందో చూశాను. చిటికెనవేలు ముడుచుకుంటే గాని ఆగదు. అలాంటి చేతితో కత్తెర పట్టుకోలేరు బావా.

చక్కగా కుదుటపడుతోందని రాశారు. మీరు నాకు ఏనాడూ అబద్ధం చెప్పలేదు కాబట్టి నమ్మాను. అక్క చెయ్యి నిజంగా ఎలా ఉంది?

మీ తమ్ముడులాంటివాడు

*

వీధి వైపు గది,
వాన వెలిసింది

నాయనా,

నీ ఉత్తరం చదివాను. ఇప్పుడు వ్రాస్తున్నది నిజం.

బొటనవేలూ చూపుడువేలూ చాలావరకు వచ్చాయి. మధ్యవేలు సగం వచ్చింది. మిగిలిన రెండూ అరచేతిని వదలవు. సూది పట్టుకోలేకపోతోంది. మొదటి నెలలలో త్వరగా వస్తుందనీ, ఆపైన చాలా నెమ్మదనీ, పని మానితే వచ్చింది కూడా పోతుందనీ డాక్టరమ్మ నన్ను గుమ్మం బయటకు పిలిచి చెప్పింది. ఆ మాట నేను లోపలికి తీసుకురాలేదు.

ఆ రోజు డబ్బాలో ఆమె చేయి పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చిటికెనవేలు చాచబోయింది. అది కదలలేదు. ఉంగరపువేలి మెటికతోనే కొలత ముగించి రెండు జానలు అన్నది. టేపు నా జేబులోనే ఉంది. తీసి పక్కన పెడితే ఒక్క క్షణం పని. అప్పుడు ఆ అంకె తప్పని చెప్పాలి. తప్పని చెబితే ఎందుకు తప్పయిందో చెప్పాలి. నేను చెప్పలేక వ్రాసుకున్నాను.

ఇంకొకటి కూడా విను. లారీ లోయలో పడ్డ ప్రతిసారీ యంత్రానిదే తప్పని ఆమెకు చెప్పాను. అందులో కొంత నిజం, కొంత నా భయం. మంచి కార్డు వచ్చి యంత్రం చెవుడు పోయిన తరువాత కూడా లారీ లోయలో పడితే? అప్పుడు ఆమె ఎవరిని అనుకోవాలి? దుకాణంలో ఆ రెండవ కార్డు సరిగ్గా మనకు కావలసినదే. లోపమేమీ లేనందుకే దానికి భయపడ్డాను. తెర వెనక ఏముందో చూడలేక, తెరనే కాపాడుతూ కూర్చున్నాను. శాస్త్రాలు చదివినందుకు నాకు దక్కిన వివేకం ఇది.

ఏం చేయమంటావు?

మీ బావ

*

హాలు వెనక వీధి, మేడ మీద

బావా,

ఉత్తరం అందింది. కోపం లేదు. నేనున్నా నా జేబులో టేపు జేబులోనే ఉండేదేమో.

హాల్లో బొమ్మ మసకేసినప్పుడు జనం ఈలలు వేస్తారు. లెన్సు తప్పో, తెర తప్పో, ఫిల్మే అలా వచ్చిందో నాకు పైనుంచి తెలీదు. నాకు మా గురువు నేర్పింది ఒకటే. ముందు లెన్సు తుడువు. అప్పటికీ మసకగా ఉంటే ఏం చెయ్యాలో తెలుస్తుంది, లేకపోతే రాత్రంతా అన్నిటినీ అనుమానిస్తూ ఉంటావు.

యంత్రానిదే తప్పు అనేది మెత్తటి దిండు బావా. అక్క తల దాని మీద పెట్టి పడుకోగలదు. లారీ తోలలేదు. చెయ్యి రావాలంటే తోలాలి కదా. బీరువాలో పెట్టిన రోజులన్నీ పోయిన రోజులే.

రెండో కార్డు కొనండి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్లేదు. టేపుతో కొలుచుకొని మరీ కొనండి. బిగించే ముందు అక్కకి చెప్పండి, బిగించాక కాదు. ఆట మొదలయ్యాక తనకి తానే తెలుసుకోనివ్వడం అన్యాయం. ఏం మాటల్లో చెప్పాలో నన్నడక్కండి, మాటలు మీ వృత్తి. కాకపోతే పద్యంలో మాత్రం వద్దు.

మీ
బావమరిది

*

వీధి వైపు గది,
మంచి ఎండ

చిరంజీవి బావమరిదికి,

ఈ లేఖలో వ్రాత నాది, మాట నీ అక్కది. ఒక్క అక్షరమైనా మార్చనని మాట ఇచ్చాను. కనుక ఇక్కడినుంచి నన్ను లేఖకుడిగా మాత్రమే చూడు.

ఒరేయ్ తమ్ముడూ, మీ బావగారు కార్డు కొనుక్కొచ్చారు. మా పెళ్లిచూపులకి కూడా ఇంత బిగుసుకుపోలేదు ఈయన. కార్డు ఉన్న అట్టపెట్టె నేల మీద పెట్టి, టేపు తీసి నా ఒళ్లో పెట్టి ఎదురుగా కూర్చున్నారు. పద్యం వస్తుందేమోనని భయపడ్డాను. రాలేదు. "నీ జాన తగ్గింది. ఆ రోజే చూశాను. చెప్పలేక యంత్రం మీదికి నెట్టాను" అన్నారు. డాక్టరమ్మ గుమ్మం బయట చెప్పిందీ చెప్పారు. చెప్పి తల వంచుకున్నారు, లెక్క తప్పిన పిల్లాడిలాగా. ఇది కూడా రాయండి, ఎందుకు ఆగారు?

(వ్రాశాను.)

నేనన్నాను, "నా చెయ్యి నాకు తెలీదటండీ? డబ్బాలో పెట్టిన క్షణమే తెలిసింది. మీ మొహం చూసి, ఈయన తట్టుకోలేరు, ఇంకొన్నాళ్లు పోనీలే అనుకున్నాను." నువ్వు మళ్లీ టేపుతో కొలిపిస్తావనుకున్నానురా. నా నోటి మాట మీద కార్డు కొనేస్తావని అనుకోలేదు. అంత నమ్మకమేమిట్రా పిచ్చోడా.

మీట నొక్కే వేలి సంగతి మాత్రం నాకు నిజంగా తెలీలేదు. పడ్డప్పుడల్లా ఇందులో నా తప్పెంత, డబ్బా తప్పెంత అని తేలేది కాదు. కుట్టు వంకర పోతే దారం తప్పో చెయ్యి తప్పో తెలిస్తేనే దిద్దుకుంటాం. రెండూ కలిసిపోతే గుడ్డ మడిచి పక్కన పెడతాం. అందుకే చీర ముక్కలో చుట్టేశాను. కళ్లు నొప్పి అని నీకు చెప్పింది అబద్ధం.

దుకాణం ఆయనే వచ్చి కార్డు బిగించి వెళ్లాడు. వాన మలుపు దగ్గరికి వెళ్లాను. చినుకులు ఎంత నున్నగా జారుతున్నాయిరా. వేలు ఇలా ఆనించానో లేదో లారీ అలా కదిలింది. మొదటి మలుపు తిరిగింది. రెండోది తిరగలేదు, దుంగలతో సహా లోయలోకి వెళ్లాను. మీ బావగారు నన్నే చూస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. "ఇది నాదేనండీ, పూర్తిగా నాదే" అన్నాను. వేలు ముప్పావు వంతు నొక్కి ఆగిపోతోంది. ఆ మిగతా పావు వంతు రావాలి. ఎంత రావాలో ఇన్నాళ్లకి కంటికి కనిపించింది. మళ్లీ ఎక్కించాను, మళ్లీ పడ్డాను. ఇప్పుడు రోజూ పడుతున్నాను, ఒకే చోట మాత్రం కాదు.

ఇంకో మాట. నువ్వు మలుపుల్లో టైరు చూసుకుంటున్నానని చెప్పి లారీ ఆపేది నా కోసమేనని ఎప్పుడో తెలుసు. ఇక ఆపకు. నీ వెనక నేను రావాలంటే నువ్వు ముందు పోవాలి కదరా.

ఇక్కడ కలం ఆమె లాక్కున్నది. ఈ కింద మూడు వరుసలంత ఎత్తున, ఒరిగిపోయి ఉన్నది తన సంతకం.

అక్క

నాయనా, మిగిలిన కాగితం నాది. నిన్న డాక్టరమ్మ వచ్చి ఆట చూసింది. తన దగ్గరికి వచ్చే ఒక వడ్రంగినీ, ఒక వీణ టీచరమ్మనూ సాయంత్రాలు ఇక్కడికి పంపవచ్చా అని అడిగింది. ఇద్దరివీ మాట వినని చేతులే. నీ అక్క నా వంక చూడకుండానే ఒప్పుకుంది. గదిలో మరి రెండు కుర్చీలు వేశాము. వడ్రంగి ఆ తెర వంక అనుమానంగా చూసి, నాకు బండి తోలడం రాదే అన్నాడు. మాకూ రాదు, రోజూ లోయలోనే ఉంటాం, రండి అన్నది నీ అక్క.

కనుక ఇది నీకూ, నాకూ కాక, మన తరువాత ఆ కుర్చీలలో కూర్చోబోయేవారికి నేను చెప్పుకొనే ఆశీర్వచనం. వారి చేతిలో ఎంత బలముందో అంతా తెర మీద కనబడుగాక, తక్కువగానూ వద్దు, ఎక్కువగానూ వద్దు. పడిన చోటు వారికి స్పష్టంగా తెలియుగాక, మళ్లీ ఎక్కే దారి దాని పక్కనే ఉండుగాక. వారి పక్కన కూర్చొని చూసేవారికి నిజం చెప్పే నోరూ, చెప్పిన తరువాత లేచిపోకుండా అక్కడే కూర్చొనే ఓర్పూ కలుగుగాక. ముడుచుకున్న ప్రతి వేలూ తన కాలం వచ్చినప్పుడు, తొందర లేకుండా, విచ్చుకొనుగాక.

శుభం భూయాత్.